తోడల్లుడి చెవులు

మా షెడ్డు మీదుగా ఎగిరే కాకులు రేకుల కప్పు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకునేవి. అక్కడ అరిచినా ఎవరికీ వినపడదని వాటికి తెలుసు. ఒకసారి పెద్ద ఉరుము ఉరిమితే మావాళ్ళలో ఒక్కడు కూడా తల ఎత్తలేదు. ఆ ఉరుము సిగ్గుపడి పక్క వీధికి పోయి అక్కడ ఉరుముకుంది. నా మనవరాలు సరిగ్గా ఇక్కడే ఆపి, "తాతా, ఇందులో నిజమెంత?" అని అడుగుతుంది. చెవులు నిజం. కాకులు నా సొంతం.

ఇనుప డ్రమ్ములూ నీళ్ళ ట్యాంకులూ చేసే షెడ్డు అది. రేకు వంచేవాళ్ళు, అతికేవాళ్ళు, రంగులు వేసేవాళ్ళు ఎందరున్నా అసలు రాజ్యం సుత్తివాళ్ళది. నేను స్టోర్లో ఉండేవాణ్ణి. చేతి తొడుగులు, కళ్ళద్దాలు, బూట్లు, రివెట్లు అన్నీ నా కిటికీలోంచే బయటికి వెళ్ళేవి. స్టోరు గోడ మందం కాబట్టి నా చెవులు నాకు దక్కాయి. దక్కిన చెవులతో మనిషి ఏం చేస్తాడు? నలుగురి మాటలూ వింటాడు.

సుత్తివాళ్ళలో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాడు కొన్నాళ్ళు పని చేశాక, పని కాసేపు ఆగినప్పుడు పాతవాళ్ళు ఇద్దరు ముగ్గురు అతని వెనక చేరేవాళ్ళు. మామూలు గొంతుతో "ఒరేయ్ దున్నపోతా!" అని పిలిచేవాళ్ళు. అతను వెనక్కి తిరిగితే ఇంకా పచ్చివాడు. తిరక్కపోతే చప్పట్లు, వీపు మీద చరుపులు. ఆ రోజు నుంచి అతను పూర్తి మనిషి. చెవుడు వాళ్ళ లెక్కలో జబ్బు కాదు, పట్టా.

ఆ పట్టాని అందరికన్నా తొందరగా పుచ్చుకున్నవాడికి సమ్మెట అని పేరు. కన్నవాళ్ళు ఇంకేదో పెట్టే ఉంటారు గానీ, అది వాళ్ళు పిలిచినా అతనికి వినపడేది కాదు కాబట్టి వాడుకలో పోయింది. భుజాలు తలుపంత. మిగతావాళ్ళు నాలుగు దెబ్బలు కొట్టే చోట అతను ఒక్కటి కొట్టేవాడు. ఆ ఒక్క దెబ్బకి రేకు వంగేది, పక్కవాడి గుండె జారేది, నా స్టోర్లో అరల మీద రివెట్ల డబ్బాలు ఒక అంగుళం ముందుకు జరిగేవి. సాయంత్రానికి అవి అంచుకి చేరేవి. నేను మళ్ళీ వెనక్కి నెట్టేవాణ్ణి.

అదే షెడ్డులో అతని తోడల్లుడు కూడా పని చేసేవాడు. సమ్మెట భార్యకి చెల్లెలి మొగుడు. సన్నగా, పొడుగ్గా ఉంటే షెడ్డంతా చీపురుపుల్ల అనేది. ఆ పుల్లకి మూతి మీద మాత్రం చీపురంత మీసం ఉండేది. అతను సుత్తి పట్టేవాడు గానీ సుత్తే అతన్ని పట్టుకున్నట్టు కనిపించేది. చేరి ఏళ్ళు గడిచినా వెనక నుంచి "దున్నపోతా" అంటే ఠక్కున తిరిగేవాడు. "ఏమిటన్నా?" అని మర్యాదగా అడిగేవాడు కూడా. షెడ్డు పడీ పడీ నవ్వేది. కారణం ఏమిటంటే, అతను మొదటి రోజు నుంచీ నా కిటికీ దగ్గర చప్పుడు ఆపే చెవి కప్పులు తీసుకుని తలకి తగిలించుకునేవాడు. ఆ షెడ్డులో వాటిని అడిగి తీసుకున్నవాడు అతనొక్కడే.

మిగతావాళ్ళ కోసం సేఫ్టీ మేడం చెయ్యని ప్రయత్నం లేదు. చిన్న మనిషి, పెద్ద ఓపిక. అందరికీ కప్పులు పంచింది. గోడల నిండా పోస్టర్లు అంటించింది. చెవి లోపల నత్తగుల్ల లాంటిది ఉంటుందని బొమ్మ గీసి చూపించింది. "దీంట్లో సన్నని వెంట్రుకలు ఉంటాయి. ఒకసారి పోయాయంటే మళ్ళీ మొలవవు" అంది.

"మా బట్టతల మీదవే మొలవలేదు మేడం, లోపలివి ఎవడిక్కావాలి?" అన్నాడు వెనక నుంచి ఒకడు.

కప్పులు పెట్టుకోకపోతే ఇంటికి పంపిస్తానంది. ఆమె షెడ్డులోకి వస్తుంటే రంగులు వేసేవాళ్ళు చెయ్యి ఊపేవాళ్ళు, అందరి కప్పులూ చెవుల మీదికి ఎక్కేవి. ఆమె గుమ్మం దాటగానే మెడల్లోకి దిగి హారాలయ్యేవి. సమ్మెట అయితే మెడలో కూడా వేసుకోలేదు. తన కప్పుల్ని వెల్లకిలా పెట్టి, వాటిల్లో రివెట్లు పోసుకున్నాడు. "మంచి గిన్నెలు ఇచ్చారు మేడం" అన్నాడు. పెడచెవిన పెట్టడానికైనా ఒక చెవి ఉండాలి. మావాళ్ళు అది కూడా మిగుల్చుకోలేదు.

ఇదీ షెడ్డు సంగతి. ఇక ఇల్లు.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఇంట్లో చెరొక గది తీసుకుని, వంట ఒక్కటిగా పెట్టుకున్నారు. తల్లి కూడా వాళ్ళతోనే ఉండేది. మా వంటింటి కిటికీకి ఎదురుగా వాళ్ళ భోజనాల బల్ల. మధ్యలో మనిషి అడ్డంగా నిలబడితే నిండిపోయేంత సందు. కాబట్టి నేను చెప్పేది విన్నదీ కన్నదీనే తప్ప కల్పించింది కాదు. కాకుల్ని మినహాయించండి.

సమ్మెట భార్య పళ్ళ డాక్టరు దగ్గర పని చేసేది. డాక్టరు పన్ను పీకుతుంటే దీపం పట్టుకోవడం, పీకాక దూది ఇవ్వడం. రోజుకొక కథ తెచ్చేది అక్కణ్ణుంచి. ఆమె చెబుతుంటే వినాలి. గొంతు పెద్దది కాదు. గుసగుసకి కొంచెం పైన, మాటకి కొంచెం కింద. ఆ గొంతులోనే డాక్టరు మాట్లాడేవాడు, పేషెంటు మూలిగేవాడు, బయట కూర్చున్నవాళ్ళు లేచి పారిపోయేవాళ్ళు. చివర్లో ఆమె తనే నవ్వేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. పన్ను మీద పన్ను ఉండేది ఆమెకి. పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తూ అది చూపించడం నామోషీ.

ఆ చెయ్యే సమ్మెట ప్రాణానికి వచ్చింది.

షెడ్డులో సుత్తివాళ్ళు పెదాలు చూసి మాటలు పట్టుకుంటారు. ఆ విద్యలో కూడా సమ్మెట గట్టివాడే. ఇంట్లో కూడా అదే చేసేవాడు. అన్నం కలుపుతూ భార్య పెదాల మీద చూపు పెట్టేవాడు. కథ నడిచినంతసేపూ నడిచేది. సరిగ్గా చివరికి వచ్చేసరికి ఆమె చెయ్యి అడ్డం వచ్చేది, బల్ల చుట్టూ నవ్వు లేచేది. అందరికన్నా ముందు తోడల్లుడు నవ్వేవాడు. "అబ్బ, ఏం చెప్పావు వదినా!" అనేవాడు. దానికి తోడు ఇంకేదో అంటించేవాడు. అది సమ్మెట పట్టుకోవడానికి అక్కడ పెదాలు ఉంటే కదా, మీసం. ఆ మీసంలోకి వెళ్ళిన మాట మళ్ళీ బయటికి వచ్చేది కాదు. సమ్మెట భార్య మాత్రం ఆ మాట విని మళ్ళీ నవ్వేది, ఈసారి ఇంకా ఎక్కువ.

"ఏంటి? ఏమన్నాడు?" అనేవాడు సమ్మెట.

"ఏం లేదులెండి, తినండి."

ప్రపంచంలో మొగుడి కడుపులో నిప్పు పెట్టడానికి ఇంతకన్నా చిన్న అగ్గిపుల్ల లేదు. ఏం లేనిదానికి అంత నవ్వేమిటి? ఏం లేకపోతే వాడికెందుకు చెప్పడం? చెప్పినప్పుడు వాడివైపు తిరగడం దేనికి? ఆ ఇంట్లో అతనికి స్పష్టంగా వినపడే గొంతు అత్తగారిది ఒక్కటే. "అల్లుడుగారూ, ఇంకొంచెం అన్నం పెట్టనా?" అని ఆవిడ అడిగితే మా గిన్నెలు కూడా వద్దనేవి. దేవుడు చెవులు తీసుకుంటూ ఏం మిగిల్చాడో చూడండి.

సమ్మెటకి అన్నం సహించడం మానేసింది. తోడల్లుడు ఎందుకు శుభ్రంగా గడ్డం గీసుకుంటున్నాడు? మీసం ఎందుకు కత్తిరించడు? పని నుంచి వస్తూ దారిలో వాడు ఎందుకు ఈల వేస్తున్నాడు? ఆ ఈల సమ్మెటకి వినపడేది కాదు, ముడుచుకున్న మూతి కనపడేది. అది ఇంకా మంట. షెడ్డులో వాడు చీపురుపుల్ల, తను సమ్మెట. ఇంటికి వచ్చేసరికి ఇదంతా తలకిందులు ఎట్లా అయింది? తనకున్న భుజాలూ పేరూ పట్టా అన్నీ ఇచ్చినా ఆ బల్ల దగ్గర ఒక్క నవ్వు కొనలేకపోతున్నాడు.

అసూయ ఏడు పెద్ద పాపాల్లో ఒకటని మా మిషన్ బడిలో సిస్టరు గారు నేర్పేది, ఒక్కో పాపానికి ఒక్కో వేలి మీద స్కేలుతో కొట్టి మరీ. అసూయకి ఏ వేలు వాచిందో నాకింకా గుర్తుంది. కానీ ఆవిడ చెప్పని సంగతి ఒకటుంది. అసూయపడే మనిషి తనకి లేనిది తెచ్చుకుందామని ముందు అనుకోడు. అవతలివాడిది పోగొడదామనుకుంటాడు. అది దగ్గర దారి.

ఒక ఉదయం తోడల్లుడు చెవి కప్పులు తగిలించే మేకు వైపు చెయ్యి చాపితే మేకే మిగిలింది. అటూ ఇటూ వెతికాడు. నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"బాబాయ్, నా కప్పులు కనపడటం లేదు. ఇంకోటి ఇస్తారా?"

"పాతవి తెచ్చిస్తేనే కొత్తవి. రూలు."

"పాతవే పోయాయి కదా."

"పోయినవాటికి మేనేజరు సంతకం కావాలి."

"మేనేజరు ఎక్కడ?"

"సెలవులో."

నా వెనక అరల నిండా చెవి కప్పులు అట్టపెట్టెల్లో నిద్రపోతున్నాయి. షెడ్డు మొత్తంలో ఎవరికీ అక్కర్లేని వస్తువు. అడిగిన ఒక్కడికీ ఇవ్వడానికి వీల్లేదు. రూలు పెట్టినవాడు మహానుభావుడు. నేను దూది ఇస్తానన్నాను. దూది స్టోర్లో అయిపోయిందని అప్పుడే తెలిసింది. అతను నూనె తుడిచే గుడ్డ చింపి, ఉండలు చేసి చెవుల్లో కుక్కుకుని వెళ్ళాడు.

కప్పులు ఏమయ్యాయో తర్వాత తెలిసింది. సమ్మెట వాటిని మేకు మీంచి తీసి, మూత వెయ్యబోతున్న కొత్త డ్రమ్ములో పడేశాడు. అతికేవాడు చూడకుండా మూత అతికేశాడు. రంగులు వేసేవాళ్ళు నీలం రంగు వేశారు. సాయంత్రానికి లారీ ఎక్కింది. ఈపాటికి ఎక్కడో ఎవరో ఆ డ్రమ్ములో నూనె పోసుకుని, కదిపినప్పుడల్లా లోపల ఏదో దొర్లుతోందేమిటా అని తల గోక్కుంటూ ఉంటారు. మనిషి వస్తువుని దాచాలంటే పరుపు కింద దాస్తాడు, అటక మీద దాస్తాడు. డ్రమ్ము చేసి అందులో దాచేది మావాళ్ళే. దాచాక తీసి ఇద్దామన్నా ఉండదని ఆలోచించనిది కూడా మావాళ్ళే.

ఆ రోజు పని పెద్ద ట్యాంకుది. ఒకడు ట్యాంకు లోపల కూర్చుని ఇనుప దిమ్మని రేకుకి ఆనించి పట్టుకోవాలి. రెండోవాడు బయట నుంచి సుత్తితో కొట్టాలి. లోపలివాడికి అది ట్యాంకు కాదు, తలకాయ దూర్చిన గంట. సన్నగా ఉంటాడు కాబట్టి తోడల్లుణ్ణి లోపలికి పంపారు. బయట సుత్తి పట్టింది సమ్మెట.

ఆ రోజు కొట్టినట్టు సమ్మెట ఎప్పుడూ కొట్టలేదని షెడ్డులో అందరూ ఒప్పుకుంటారు. నా డబ్బాలు అంగుళం కాదు, మధ్యాహ్నానికే నేల మీదికి దూకాయి. పక్కవాడు ఆగమని సైగ చేసినా ఆగలేదు. ప్రతి దెబ్బా ఆ మీసం మీద పడుతున్నట్టే ఉంది అతనికి. ఇది నిన్నటి నవ్వుకి. ఇది మొన్నటి నవ్వుకి. ఇది "ఏం లేదులెండి"కి.

సాయంత్రం తోడల్లుడు ట్యాంకు మూతి లోంచి బయటికి పాకుతూ వచ్చాడు. గుడ్డ ఉండలు చెవుల్లోంచి ఎప్పుడో రాలిపోయాయి. నిలబడి, తూలి, ట్యాంకుని పట్టుకున్నాడు. అంతలో పాతవాళ్ళలో ఒకడు అలవాటు కొద్దీ వెనక నుంచి "ఒరేయ్ దున్నపోతా!" అన్నాడు.

తోడల్లుడు తిరగలేదు.

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. అంతమంది ఎందుకు చేతులు ఆడిస్తున్నారో తెలియక అతను అందరివైపూ చూశాడు. సమ్మెట కూడా చప్పట్లు కొట్టాడు. అందరికన్నా గట్టిగా.

ఆ రాత్రి అన్నాల వేళకి నేను కిటికీ దగ్గర గిన్నె తోముతున్నాను. అవసరానికి మించి తోముతున్నాను. బల్ల చుట్టూ అందరూ కూర్చున్నారు. సమ్మెట నవనవలాడుతున్నాడు. రెండోసారి అన్నం తనే పెట్టించుకున్నాడు. భార్య కథ మొదలెట్టింది.

"ఇవాళ మా దగ్గరికి మొగుడూ పెళ్ళాం వచ్చారు. డాక్టరు ఆయన్ని నోరు తెరవమన్నాడు. ఆయన తెరవడు. తెరవండీ అంటే తెరవడు. అప్పుడు ఆవిడ అందీ..." అని ఆగి, మరిది వైపు చూసింది. "పెళ్ళయిన దగ్గర్నుంచి నేనెప్పుడూ తెరవనివ్వలేదు డాక్టరుగారూ, మర్చిపోయినట్టున్నారు, అంది!"

చెయ్యి నోటికి అడ్డం వచ్చింది. చెల్లెలు కిసుక్కుమంది. మా ఇంట్లో నేను గిన్నె జారవిడిచాను. తోడల్లుడు మాత్రం వదిన మొహంలోకి అయోమయంగా చూస్తున్నాడు.

"ఏంటి వదినా?"

ఆమె మళ్ళీ చెప్పింది.

"ఎవరు తెరవలేదు?"

ఆమె మూడోసారి చెప్పింది, గొంతు పెంచి. అత్తగారు సాయం చేద్దామని, "నోరు తెరవలేదటయ్యా, నోరు!" అని వీధంతా వినపడేలా అరిచింది. తోడల్లుడు రెండు చెవులూ పట్టుకుని, "గుయ్యిమంటోంది వదినా, ఏమీ తెలియట్లేదు" అన్నాడు. ఆమె చెయ్యి నోటి మీంచి కిందికి దిగింది. చెంచా కంచానికి తగిలిన చప్పుడు నాకు ఇటువైపు వినపడింది.

సమ్మెట గెలిచాడు. ఇక ఆ బల్ల దగ్గర ఎవరూ అతనికన్నా ముందు నవ్వరు. అసలు ఎవరూ నవ్వరు. భార్య మొహం చూశాడు. పీకిన పన్ను చోట నాలుక తడుముకుంటుంది చూడండి, ఆమె కళ్ళు బల్ల చుట్టూ అట్లా తడుముకుంటున్నాయి. లేచి తన కంచం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

సమ్మెట వెనకే వెళ్ళాడు. వాళ్ళ వంటింటి కిటికీ కూడా మా వైపే. కట్టినవాడి పుణ్యం.

"ఏం చెప్పావు ఇందాక?"

"ఏం లేదు."

"వాడికి మూడుసార్లు చెప్తావు. నాకు ఏం లేదా?"

ఆమె తిరిగింది. అతను పెదాలు చూస్తాడని తెలుసు కాబట్టి దీపం వైపు మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి అంది.

"పెళ్ళయిన కొత్తలో మీకే చెప్పేదాన్ని. గుర్తుందా? డాక్టరు తన కళ్ళజోడు పేషెంటు నోట్లో వెతికిన కథ. పొలమారేదాకా నవ్వారు. తర్వాత ఆఁ అనడం మొదలెట్టారు. నేను మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఆఁ అన్నారు. మూడుసార్లు అరిచి చెప్పాక అది నవ్వులాటకి చెప్పినట్టుంటుందా, తగువుకి చెప్పినట్టుంటుంది. కథలన్నీ నా నోట్లోనే చచ్చిపోయేవి. ఎన్నని చంపను? వినేవాడు ఒకడు దొరికాడు. వాడికి చెప్పుకున్నాను. ఇవాళ వాడూ ఆఁ అన్నాడు."

"వాడితో నవ్వేది..."

"మీతో నవ్వాల్సినవే అన్నీ."

అతను గోడకి ఆనుకుని, తన అరిచేతులు చూసుకుంటూ నిలబడ్డాడు. నేను మా దీపం ఆర్పేశాను. చూడకూడనిది కొంత ఉంటుందని నాకూ తెలుసు.

మర్నాడు ఉదయం సమ్మెట షెడ్డులో తన చెవి కప్పుల్లోంచి రివెట్లు ఒంపేశాడు. లోపల తుప్పు మరకలు గుడ్డతో తుడిచాడు. తోడల్లుడి దగ్గరికి వెళ్ళి చేతిలో పెట్టాడు. షెడ్డు నడిమధ్యలో, పెదాలు బాగా కదిలిస్తూ అన్నాడు.

"నీవి నేనే డ్రమ్ములో పడేశాను."

తోడల్లుడి చెవులు అప్పటికి కొంచెం తేరుకున్నాయి. పూర్తిగా తేరుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. అదృష్టవంతుడు. అతను కప్పులు చూశాడు, సమ్మెటని చూశాడు.

"ఎందుకన్నయ్యా?"

"నీకున్నాయి, నాకు లేవు. అందుకు." ఆ మాట అనేశాక మిగతాది సులువైపోయింది. "అసలు నువ్వెందుకు పెట్టుకునేవాడివిరా ఇవి? అందరూ నవ్వుతున్నా? మేడం చెప్పిందనా?"

తోడల్లుడు మీసం ఒకసారి దువ్వుకున్నాడు. "మేడం మొన్న వచ్చింది కదన్నయ్యా, నేను అంతకుముందు నుంచే పెట్టుకుంటున్నాను. నేను అల్లుడిగా ఆ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ పెద్దల్లుడి భుజాలు, పెద్దల్లుడి దెబ్బ, ఇదే పాట. అత్తయ్య నా వైపు చూస్తే, వీడికి ఇంకొంచెం అన్నం పెట్టండర్రా అనేది. నేను నీలాగా కొట్టలేను. అది మొదటి వారంలోనే తెలిసింది. నీకన్నా నాకు ఒక్కటైనా ఎక్కువ ఉండాలిగా? భుజాలు లేవు. చెవులు దాచుకున్నాను."

సమ్మెట నోరు తెరిచి అట్లాగే ఉండిపోయాడు. పళ్ళ డాక్టరు సంతోషించేవాడు. తను ఇన్నాళ్ళూ ఎవణ్ణి చూసి ఏడ్చాడో, వాడు అంతకుముందు నుంచే తనని చూసి ఏడుస్తున్నాడు. ఒకడి ఏడుపు చెవులు పోగొట్టబోయింది, ఇంకొకడి ఏడుపు చెవులు నిలబెట్టింది.

తిన్నగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

"కప్పులు కావాలి."

"పాతవి తెచ్చిస్తేనే కొత్తవి."

అతను నావైపు చూశాడు. నా డబ్బాలు భయంతో వాటంతట అవే వెనక్కి జరిగాయి. మేనేజరు సంతకం సంగతి తర్వాత చూసుకోవచ్చని నాకు అప్పుడే తట్టింది.

సమ్మెట కప్పులు పెట్టుకోవడం చూసి షెడ్డు ముక్కు మీద వేలేసుకుంది. ఏమైందని అందరూ నన్ను అడిగారు. నేను పుకారు పుట్టించే మనిషిని కాను. రివెట్ల కోసం కిటికీ దగ్గరికి వచ్చిన ఒక్కొక్కణ్ణి ఒక్క మాట అడిగాను, అంతే.

"మీ ఆవిడ నవ్వితే నీకు వినపడుతోందా?"

"ఆఁ?"

"మీ ఆవిడ!"

"మా ఆవిడకేమైంది?"

"ఏమీ కాలేదు. నవ్వుతోంది."

వాడు రివెట్లు కూడా మర్చిపోయి వెళ్ళేవాడు. ఆ సాయంత్రం ఇంట్లో కళ్ళు పెద్దవి చేసుకుని కూర్చునేవాడు. ఆవిడ ఫోన్లో నవ్వుతుంది, పక్కింటావిడతో నవ్వుతుంది, పిల్లలతో నవ్వుతుంది. అదంతా ఇన్నాళ్ళూ బొమ్మ కదిలినట్టు చూశానే అని వాడి కడుపు భగ్గుమనేది. మర్నాడు పొద్దున్నే మెడలోని మాసిన హారం తీసి నా కిటికీలో పడేసి, కొత్త కప్పులకి చెయ్యి చాపి నిలబడేవాడు. రంగులు వేసే ఒకామె కూడా వచ్చి, "మా ఆయన నవ్వుతున్నాడేమో, నాకూ ఒకటి పడెయ్యండి" అంది. అరలు ఖాళీ అయ్యాయి. అట్టపెట్టెల్లో సాలీళ్ళకి ఇళ్ళు పోయాయి.

సేఫ్టీ మేడం ఆశ్చర్యపోయి నా దగ్గరికి వచ్చింది.

"పోస్టర్లు పెట్టాను, క్లాసులు చెప్పాను, బెదిరించాను. ఎవరూ కదల్లేదు. ఇప్పుడేమైంది వీళ్ళకి? పైవాళ్ళకి రిపోర్టు రాయాలి, కారణం చెప్పండి."

"భార్యలు నవ్వడం వల్లనమ్మా."

"అట్లా ఎట్లా రాస్తాను?"

కాసేపు పెన్ను కొరుక్కుని, "కుటుంబ సభ్యుల ప్రోత్సాహం" అని రాసుకుంది. చదువుకున్నవాళ్ళు ఎంత అందంగా అబద్ధమాడతారో చూసి నాకు కూడా ఈర్ష్య పుట్టింది.

పాత ఆచారం ఒకసారి మళ్ళీ జరిగింది. తోడల్లుడి వెనక ఎవడో "దున్నపోతా" అన్నాడు. అతను ఠక్కున తిరిగి "ఏమిటన్నా?" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. తిరిగిన ఆ తలని షెడ్డంతా కళ్ళప్పగించి చూసింది, ఎవరి దగ్గరో ఉండి తమ దగ్గర లేని వస్తువుని చూసినట్టు.

సమ్మెటకి పోయిన చెవులు పోయినట్టే. మేడం చెప్పిన వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. ఎడమ చెవిలో మాత్రం కొంచెం మిగిలిందని, జాగ్రత్తగా ఉంటే అది ఉంటుందని చెవి డాక్టరు చెప్పాడట. ఆ కొంచెం కోసం అతను పడే జాగ్రత్త చూడాలి. షెడ్డులో కప్పుల మీద కప్పులు పెట్టుకుంటాడు. పిల్లలు బెలూన్ ఊదుతుంటే వీధి మారతాడు. అత్తగారు నోరు తెరిస్తే ఎడమ చెవి మూసుకుని కుడి చెవి అప్పగిస్తాడు.

అయినా బల్ల దగ్గర అతను వెనకే. తోడల్లుడి చెవులు మామూలైపోయాయి, మీసం మళ్ళీ అందరికన్నా ముందు కదలడం మొదలైంది. సమ్మెట ఏమీ అడగడు. కంచం వైపు చూస్తూ అన్నం కలుపుతూనే ఉంటాడు, కలిపింది మళ్ళీ కలుపుతాడు. అది చూసి ఒక రోజు ఆమె కథ సగంలో ఆపేసింది. లేచింది. తన కుర్చీ ఈడ్చుకుంటూ బల్ల ఇటువైపుకి వచ్చి, అతని ఎడమ పక్కన వేసుకుంది. అరిచెయ్యి తన నోటికి కాకుండా అతని చెవికి అడ్డం పెట్టింది. దగ్గరగా వంగి చెప్పడం మొదలెట్టింది. అరవలేదు. తొందరపడలేదు. ఒక్కసారే చెప్పింది.

సమ్మెట కళ్ళు మూసుకున్నాడు, పెదాలు చూడకుండా. మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత బుగ్గ కదిలింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత పుట్టిన నవ్వుకి మా అటక మీద గిన్నెలు దొర్లి, సందులో పడుకున్న కుక్క లేచి ఊరు విడిచి వెళ్ళిపోయింది. ఆమె పన్ను మీద పన్ను బయటపెట్టి నవ్వుతోంది. అడ్డం పెట్టుకోవడానికి చెయ్యి ఖాళీగా లేదు మరి.

తోడల్లుడు బల్ల మీదికి వంగాడు. అంత మంచి చెవులూ రిక్కించాడు.

"ఏంటి వదినా? ఏం చెప్పావు?"

"మీ అన్నయ్యని అడుగు."

సమ్మెట కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు. "చెవులుంటే సరిపోదు తమ్ముడూ."

తోడల్లుడి మీసం రెండు వైపులా వాలిపోయింది. కంచంలో చూపు పెట్టి, కలిపిన అన్నమే మళ్ళీ కలపడం మొదలెట్టాడు.

ఆమె ఏం చెప్పిందో నాకూ తెలియదు. స్టోరు గోడ చాటున ఇన్నేళ్ళు దాచుకున్న చెవులు, కిటికీ ఊచలకి ఆనించి పెట్టినా ఒక్క ముక్క చిక్కలేదు. కిటికీ మూసేసి లోపలికి వచ్చాను.

"ఏమిటండీ ఆ మొహం?" అంది నా భార్య.

"ఏం లేదులే, అన్నం పెట్టు" అన్నాను. పెట్టాక నా కుర్చీ జరుపుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను.